బొగ్గులోని పులుపు



గడచిన జూన్ నెలాఖరున మేము గోదావరిఖని నుండి కాకినాడకు వెళ్ళి వచ్చాము. వెళ్ళింది పాస్టర్ల కూటమికి. వెంట తెచ్చుకున్నది మాత్రం మేము అనుకోని ఒక సంగతి. దానిని మా సంఘంలో చెప్పిన రోజున కొందరు పెద్దలు నొచ్చుకున్నారు కూడా. అయినా ఇది బొగ్గు మీద బ్రతికే కుటుంబాలకు, చేప మీద బ్రతికే కుటుంబాలకు, ఇంట్లో ఒక బల్బు వెలిగించుకునే ప్రతి కుటుంబానికి చెందిన సంగతి. అందుచేత ఇక్కడ వ్రాస్తున్నాము. ఓపికతో చదవమని మనవి.

మా ఊరు

మా ఊరి పేరులోనే నది ఉంది, గని ఉంది. ఒక ప్రక్క గోదావరి. మరో ప్రక్క సింగరేణి గనులు. తెల్లవారక ముందే మొదటి షిఫ్టువారు టిఫిను డబ్బా పట్టుకొని బయలుదేరతారు. రాత్రి షిఫ్టువారు ముఖాన మసితో ఇంటికి వస్తారు. మా ఆరాధన వేళలు కూడా షిఫ్టులను చూసుకొనే పెట్టుకుంటాము. ఊరిలో ఏ ఇంటి గడప తొక్కినా తాతో, తండ్రో, కొడుకో బాయి పనివారే. బొగ్గుగనిని మా వైపు బాయి అంటారు.

గనులకు కొద్ది దూరంలోనే రామగుండం విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. 1978 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయ్ గారు దీనికి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి యూనిటు నడిచింది. క్రమంగా ఏడు యూనిట్లు ఏర్పడి 2,600 మెగావాట్ల కేంద్రమయింది. దాని సమీపాననే 2023, 2024 సంవత్సరాలలో 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు వచ్చాయి. 1971 నుండి పనిచేసిన 62.5 మెగావాట్ల పాత రాష్ట్ర కేంద్రం మాత్రం 2024లో మూతపడింది. గనిలో తవ్విన బొగ్గు ఇక్కడ కాలి, ఎక్కడో ఒక పల్లెలో మోటారు తిరుగుతుంది, ఒక పిల్లవాడు దీపం క్రింద చదువుకుంటాడు. మా సంఘస్థులు ఈ మాట గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం న్యాయమైనదే.

రైలు ప్రయాణం

రామగుండం స్టేషనులో రైలెక్కి కూర్చున్నాము. ప్రక్క పట్టాల మీద బొగ్గు వ్యాగన్ల బండి ఒకటి చాలాసేపు మాతో పోటీపడింది. వరంగల్లు, మహబూబాబాదు దాటి డోర్నకల్ చేరాము. ఇక్కడి నుండే కొత్తగూడెం వైపు పట్టాలు చీలతాయి. ఆ దారిలోనే సింగరేణి అనే గ్రామం ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతంలో, ఇల్లందు దగ్గర, బొగ్గును కనుగొన్నాడు. ఆ చిన్న గ్రామం పేరే నేడు ఇంత పెద్ద సంస్థకు పేరయింది. మా రామగుండం ప్రాంతానికి గనులు వచ్చింది 1960 ప్రాంతంలో.

ఈ బొగ్గు వయస్సు సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఆనాటి అడవులు గాలిలో నుండి పీల్చుకున్న వాయువునే కొమ్మగా, ఆకుగా, కాండంగా మార్చుకున్నాయి. బురదలో కూరుకుపోయి, మట్టి క్రింద నలిగి, బొగ్గయ్యాయి. ఇన్ని కోట్ల ఏళ్ళు భూమి దాచిపెట్టినదానిని మనం ఒకటి రెండు తరాలలో పైకి తీసి కాలుస్తున్నాము.

విజయవాడలో బండి మారి, కొవ్వూరు దాటగానే మళ్ళీ గోదావరి కనిపించింది. మా ఊరి వంతెన మీద నుండి చూసే నీళ్ళే ఇవి. ఎంత వెడల్పు! కొత్త నీరు అప్పుడే ఎర్రగా కలుస్తున్నది. రాజమహేంద్రవరం దిగువన ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొరగారు ఆనకట్ట కట్టించారు. అక్కడ దాటాక నది పాయలుగా విడిపోతుంది. గౌతమీ పాయ యానాం ప్రక్కగా పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. మేము సామర్లకోటలో దిగి బస్సులో కాకినాడ చేరాము.

ఒక చుక్క నీరు

కూటమి ముగిసిన మరునాడు మాకు ఆతిథ్యమిచ్చిన సంఘపెద్ద గారు మమ్మును ఉప్పాడ తీరానికి తీసుకువెళ్ళారు. ఆయన కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. అది ముగిసి రెండు వారాలే అయింది గనుక ఒడ్డంతా సందడిగా ఉంది. నావలు వచ్చి ఆగుతున్నాయి. స్త్రీలు గంపలతో నిలబడి బేరమాడుతున్నారు.

వలలో నుండి చేపలు విడదీస్తున్న ఒక పెద్దాయన మమ్మును చూచి, “పాస్టరుగారా అండి? ఏ ఊరండి?” అని అడిగాడు. బొగ్గుగనుల ఊరని చెప్పాము. “మాకిక్కడ నీళ్ళు, మీకక్కడ చీకటి. రెండూ దడుపేనండి” అని నవ్వాడు. తరువాత నవ్వు మాని, “ఇదివరకు ఒడ్డుకు దగ్గర్లోనే కవళ్ళు పడేవండి. ఇప్పుడు ఎంత దూరం పోయినా ఒక్కోసారి ఆయిలు ఖర్చు కూడా రావట్లేదండి” అన్నాడు.

సంఘపెద్ద గారు ఆయన నావ వెనుక ఒక సన్నని గుడ్డ వల కట్టించి, ఆ ఉదయాన లాగించారట. వల కొసన ఉన్న చిన్న సీసాను ఇంటికి తెచ్చి, అందులోని నీటిలో ఒక చుక్క తీసి మైక్రోస్కోపు క్రింద పెట్టి, చూడమన్నారు.

ప్రియులారా, మేము అంతవరకు సముద్రమంటే ఉప్పునీరు, చేపలు, అలలు అనే ఎరుగుదుము. ఆ ఒక్క చుక్కలో ఒక ఊరే ఉంది. గాజు పెట్టెలవలె మెరిసే కొన్ని, గొలుసుగా అంటుకున్న కొన్ని. అవి డయాటములనే మొక్కలట. తెడ్లు వేసినట్టు కాళ్ళు ఆడిస్తూ గెంతుతున్న చిన్న జీవులు కొన్ని. సూది వంటి తెల్లని గుల్ల గల అతి చిన్న సముద్రపు నత్త ఒకటి. వీటన్నిటినీ కలిపి ప్లవకాలంటారు. అంటే నీటిలో తేలియాడుతూ, ప్రవాహం ఎటు పోతే అటు పోయేవి. వీటిలో మొక్కజాతివి ఎండను తిని బ్రతుకుతాయి. జంతుజాతివి ఆ మొక్కలను తింటాయి.

“మీరు నిన్న మా ఇంట తిన్న కవళ్ళ కూర వీటి నుండి వచ్చినదే” అన్నారు ఆయన. కవళ్ళు ప్లవకాలను తింటాయి. కవళ్ళను పెద్ద చేపలు తింటాయి. గోదావరి జిల్లాలవారు అంతగా మెచ్చుకునే పులస కూడా అంతే. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరదకు ఎదురీది నదిలోకి వస్తే పులస. దాని మేత కూడా ఈ ప్లవకాలే. అంతేకాదు, భూమి మీద ఏటా పుట్టే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రపు మొక్కప్లవకాల వల్లనే పుడుతుందట.

బొగ్గుపులుసు వాయువు

అప్పుడు ఆయన మమ్మును ఒక ప్రశ్న అడిగారు. “అయ్యగారూ, మన చిన్ననాటి సైన్సు పుస్తకాలలో కార్బన్ డయాక్సైడును ఏమనేవారు?”

“బొగ్గుపులుసు వాయువు” అన్నాము.

“ఆ పేరులోనే ఉంది చూడండి” అన్నారు. “బొగ్గు కాలితే వచ్చేది. నీటిలో కలిస్తే పులిసేది.”

ఎన్నిసార్లు పలికిన మాట! బొగ్గు ఊరిలో ఉంటూ కూడా ఆ పేరులోని పులుసును మేము ఎన్నడూ తలంచలేదు. గోళీసోడా త్రాగినప్పుడు నాలుకకు తగిలే చురుకు ఈ వాయువుదే. ఒత్తిడితో నీటిలో ఎక్కిస్తే సోడా అవుతుంది. సముద్రం మీద గాలిలో ఈ వాయువు పెరిగితే, ఒత్తిడి లేకున్నా, నీరు కొంత కొంతగా పీల్చుకుంటూనే ఉంటుంది.

యంత్రాల యుగానికి ముందు గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉండేది. నేడు 420 దాటింది. మానవులు వదిలేదానిలో సుమారు నాలుగో వంతును సముద్రమే మ్రింగుతున్నది. అలా మ్రింగకపోతే ఎండలు ఇంతకంటె ఎక్కువగా ఉండేవి. ఒక విధంగా సముద్రం మన భారం మోస్తున్నది. కాని దానికి వెల చెల్లిస్తున్నది.

పులుపును, దానికి విరుద్ధమైన క్షారాన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులకు పీహెచ్ అనే కొలత ఉంది. 7 అయితే పులుపూ కాదు, క్షారమూ కాదు. అంతకంటె తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. సముద్రపు పైనీరు పూర్వం సగటున 8.2. ఇప్పుడు 8.1కి దిగింది. పదో వంతు తేడాయే కదా అనిపిస్తుంది. కాని ఈ కొలతలో ఒక మెట్టు దిగితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. పదో వంతు దిగితే నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు. పొగ తగ్గకుండా ఇలాగే సాగితే ఈ శతాబ్దాంతానికి 7.8 దాకా దిగవచ్చునని అంచనా. సముద్రం చింతపులుసు అయిపోతుందని కాదు. అప్పటికీ అది క్షారం వైపే ఉంటుంది. కాని అందులో నివసించే సున్నపు గుల్లల జీవులకు ఆ మాత్రం మార్పే కష్టం.

కారణమేమంటే, గుల్ల కట్టుకోవడానికి వాటికి నీటిలో కార్బొనేటు కావాలి. అది వాటి ఇటుక. బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసినకొద్దీ ఆ ఇటుకలు కరిగి తరిగిపోతాయి. ఇల్లు కట్టుకునే మేస్త్రీకి ఇటుకలు చాలకపోతే ఎలా ఉంటుంది? దూరం నుండి మోసుకు రావాలి. దినమంతా గోడకే సరిపోతుంది. తిండికీ, పిల్లలకూ బలం మిగలదు. కొన్ని చోట్ల కట్టిన గోడే కరిగిపోతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న సముద్రంలో 2008లో పట్టిన సముద్రపు సీతాకోకలనే చిన్న నత్తల గుల్లలు బ్రతికి ఉండగానే కరుగుతున్నట్టు 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1872 నుండి 1876 వరకు ఛాలెంజర్ అనే ఆంగ్లేయుల ఓడ లోకమంతా తిరిగి సముద్రపు జీవులను ప్రోగుచేసింది. అవి లండనులో భద్రంగా ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రం నుండి తెచ్చిన ఆ పాత గుల్లలను ఇటీవల పట్టిన గుల్లలతో పోల్చి 2020లో వివరాలు ప్రకటించారు. ఒక జాతి గుల్ల నాలుగింట మూడు వంతుల దాకా పలుచబడిందట! పులుపుతోపాటు నీటి వేడి, ప్రాణవాయువు కొరత కూడా దీనికి కారణాలు కావచ్చని వారు చెప్పారు.

అన్నిటికీ ఒకే విధంగా నష్టం కలగదు. కొన్ని అతి చిన్న మొక్కప్లవకాలు ఈ వాయువు ఎక్కువైతే బాగా పెరుగుతాయి. గుల్లగలవాటిలోనూ కొన్ని తట్టుకుంటాయి. గాజు పెట్టెల డయాటములకు సున్నపు గుల్ల లేదు గనుక భయం లేదని తొలుత అనుకున్నారు. కాని పులుపెక్కిన నీటిలో వాటి గాజు ఆలస్యంగా కరుగుతుందనీ, కరగక ముందే లోతుకు దిగిపోతుందనీ, అందువల్ల పైనీటిలో గాజుకు కావలసిన సరుకు తగ్గిపోతుందనీ జర్మనీ దేశంలోని కీల్ నగర శాస్త్రజ్ఞులు 2022లో కనుగొన్నారు. ఈ విధంగా ఎవరు పెరిగి ఎవరు తరుగుతారో ఆ ఊరి లెక్కే మారిపోతుంది. చిన్నవి ఎక్కువై పెద్దవి తగ్గితే, వాటిని నమ్ముకున్న చేపకు మేత అందడానికి మెట్లు పెరుగుతాయి. ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది. చివరకు బల్లమీదకు వచ్చేది తగ్గుతుంది.

మన సముద్రం మాటేమిటి? విశాఖపట్నంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు మన గోదావరి ముఖద్వారాన్నీ, బంగాళాఖాతాన్నీ ఏళ్ళ తరబడి కొలుస్తున్నారు. వరద కాలంలో గోదావరి ముఖద్వారపు నీటిలో ఈ వాయువు చాలా ఎక్కువగా ఉండి, తిరిగి గాలిలోకి వెళ్తుందని 2011లో వారు తెలిపారు. బంగాళాఖాతపు వాయవ్య తీరంలో సుమారు ఇరవై ఏళ్ళ ఎడంతో తీసిన కొలతలను పోల్చి 2015లో మరొక సంగతి చెప్పారు. అక్కడ పులుపు లోకపు సగటు కంటె కొన్ని రెట్లు వేగంగా పెరిగింది. ఉత్తరాది మైదానాల నుండి గాలితో వచ్చిపడే గంధకపు, నత్రజనిపు కాలుష్యమే దానికి కారణమని వారు వ్రాశారు. బొగ్గు కాల్చిన పొగలోనూ, బండ్ల పొగలోనూ ఉండేవి అవే. పైగా ఎన్నో నదుల మంచినీరు వచ్చి కలిసే సముద్రం గనుక, పులుపును విరిచే ఉప్పుల బలం బంగాళాఖాతపు పైనీటిలో కొంత తక్కువ.

ఉప్పాడ పెద్దాయనకు కవళ్ళు తగ్గడానికి ఇదే కారణమని మేము చెప్పడం లేదు. అతి వేట ఉంది, చిన్న కన్నుల వలలున్నాయి, నీరు వేడెక్కుతున్నది, మురికి కలుస్తున్నది. కాని అవన్నీ చాలనట్టు ఆయన సముద్రానికి మరొక బరువు ఎక్కుతున్నది. ఆ బరువులో మా ఊరి పొగ కూడా ఉంది. గాలిలోకి వెళ్ళిన ఈ వాయువు ఏ ఊరి మీదా ఆగదు. ఏడాది రెండేళ్ళలో లోకమంతటా కలుస్తుంది.

బయలుదేరే ముందు సంఘపెద్ద గారు మరొక మాట చెప్పారు. చనిపోయిన ప్లవకాల గుల్లలు బరువుతో అడుగుకు దిగుతాయి. దిగుతూ తమతోపాటు గాలిలోని బొగ్గును సముద్రగర్భానికి తీసుకుపోతాయి. “మీవారు భూమిలో నుండి బొగ్గు పైకి తీస్తారు. వీళ్ళు క్రిందికి దించుతారు. ఇదీ ఒక బాయి పనే” అని నవ్వారు. తిరుగు ప్రయాణమంతా ఆ మాట మమ్మును వదలలేదు.

గోళీసోడా పాఠం

ఇంటికి వచ్చాక ఆదివారం సాయంకాలం యువజన కూటమిలో ఒక చిన్న పరీక్ష చేశాము. మీరు కూడా మీ ఇంట చేయవచ్చును. తాంబూలంలో వేసే సున్నాన్ని రాత్రి నీటిలో కలిపి పెట్టి, ఉదయం పైన తేరిన తేటను మాత్రం గాజుగ్లాసులో కొద్దిగా తీసుకోవాలి. అందులో గోళీసోడా కొంచెం పోస్తే నీరు పాలవలె తెల్లబడుతుంది. ఆ తెలుపే గుల్లలోని సున్నపు పదార్థం. పిల్లలు చప్పట్లు కొట్టారు. సోడా ఇంకా పోస్తూ పోయాము. తెలుపు మెల్లగా విరిగి, నీరు మళ్ళీ తేటగా అయిపోయింది. ఉన్న సున్నమంతా కరిగిపోయింది. పిల్లలు చప్పట్లు మానేశారు. సముద్రంలో జరిగేది ఇంత త్వరగా కాదు, ఇంత ఘాటుగా కాదు. కాని దారి ఇదే అని చెప్పాము.

వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచారు. ముప్పై ఏళ్ళకు పైగా అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి దిగిపోయినవారు. ఆయన గొంతులో బాధ ఉంది. “అయ్యగారూ, మా నాయిన బాయిల దిగిండు, నేను దిగిన. ఆ పైసలతోనే పిల్లలను సదివిపిచ్చిన, ఈ గుడికి ఇటుకలు ఇచ్చిన. ఇయ్యాల సముద్రం ఖరాబైందని మమ్ములను అంటె ఎట్ల? కరెంటు అందరు కాల్చుకోలేదా?”

కూటమిలో ఎవరూ కదలలేదు. ఆయన అడిగినది న్యాయం. మేము ఇలా చెప్పాము.

సింగరేణి 2023-24 సంవత్సరంలో తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. మన బొగ్గు టన్ను కాలితే సుమారు ఒకటిన్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే ఏటా పది కోట్ల టన్నుల పైచిలుకు. లోకమంతా బొగ్గు, నూనె, గ్యాసు కాల్చి, సిమెంటు తయారుచేసి వదిలేది ఏటా సుమారు 3,700 కోట్ల టన్నులు. అందులో మొత్తం సింగరేణి బొగ్గు వాటా వందకు పావు వంతు కంటె కాస్త ఎక్కువ, అంతే. మన దేశంలో తలకు సుమారు 2 టన్నులయితే, అమెరికాలో 14 టన్నుల దాకా. ఆంగ్లేయులూ, ఇతర పాశ్చాత్యులూ మన తాతలు పుట్టక ముందునుండే కాలుస్తున్నారు. కాబట్టి దీపం లేని ఇంటికి దీపమిచ్చిన కార్మికుణ్ణి నేరస్థుడిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఈ గుడి ఇటుకలలో అన్యాయపు సొమ్ము లేదు.

అయితే, తెలియక చేసినదానికీ తెలిసి చేసేదానికీ తేడా ఉంది. మన తండ్రులకు ఈ సంగతి తెలియదు. మనకు తెలిసింది. మన పాలు చిన్నదని చెప్పి తప్పుకుంటే, ఉప్పాడ పెద్దాయన పాలు ఇంకా చిన్నది. ఆయన ఒక్క తట్ట బొగ్గు కూడా తవ్వలేదు.

పెద్దాయన మారు మాట్లాడలేదు. ప్రార్థన ముగియగానే వెళ్ళిపోయారు. ఆ వారమంతా మాకు నెమ్మది లేదు.

ఆయన చెప్పిన మాట

శనివారం ఉదయం ఆయనే మా ఇంటికి వచ్చారు. చాయ్ త్రాగుతూ, “అయ్యగారూ, ఆ సముద్రపు నత్త ఎంత ఉంటది?” అని అడిగారు. వంటింట్లో నుండి ఒక ఆవగింజ తెచ్చి అరచేతిలో పెట్టి చూపాము. కొన్ని ఇంతకంటె పెద్దవి, కొన్ని ఇంతకంటె ఎంతో చిన్నవి అన్నాము.

“గింత చిన్నదా” అని చాలాసేపు చూశారు. తరువాత మెల్లగా అన్నారు. “బాయిల రూఫ్ ఒక్కసారే పడదు. మొదలు కట్టె చప్పుడు చేస్తది. చిన్న చిన్న పలుకులు రాలుతయి. ఇనేటోడు ఇంటడు. అప్పుడే బయటికి రావాలె. ఏం కాదులే, ఇంకో తట్ట నింపుదామనుకున్నోడు మళ్ళ రాడు. మీరు చెప్పేది గా పలుకుల సంగతేనా?”

అవునన్నాము. ఇన్ని పుస్తకాలు చదివినా మేము అంత స్పష్టంగా చెప్పలేకపోయాము.

“అయితే పిలగాండ్లకు ఇంకో పని నేర్పియ్యాలె” అన్నారు ఆయన. ఆయన మనుమడు ఇంటర్ చదువుతున్నాడు. ఇంట్లో అందరూ బాయి ఉద్యోగం మీదనే ఆశ పెట్టుకున్నారట.

ప్రియ పాఠకులారా, దీపాలన్నీ రేపే ఆర్పమని ఎవరూ అనరు. గనులు రేపే మూస్తే మా ఊరి పొయ్యిలు ఆరిపోతాయి. కాని మార్పు మా ఊరి గడపలోనే మొదలయింది. రామగుండం విద్యుత్ కేంద్రపు జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2022 జూలై 1 నుండి పూర్తిగా పనిచేస్తున్నది. నీటి మీద తేలుతూ ఎండను తిని పనిచేసే ఆ పలకలను చూచినప్పుడల్లా మాకు ఆ మొక్కప్లవకాలే గుర్తుకు వస్తాయి. సింగరేణి సంస్థ కూడా తన గనుల ప్రాంతాలలో సౌర కేంద్రాలు నెలకొల్పింది. 2070 నాటికి గాలిలోకి వదిలేదీ, తిరిగి తీసుకునేదీ సరిసమానం చేస్తామని 2021లో గ్లాస్గో నగరంలో మన దేశం మాట ఇచ్చింది. ఆ మాట నిలబడేలోగా ఈ ప్రాంతపు పిల్లలకు కొత్త పనులు నేర్పకపోతే, మార్పు భారమంతా బాయి కార్మికుల కుటుంబాల మీదనే పడుతుంది. అది కూడా అన్యాయమే. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సులోనో, సౌర పలకల పనిలోనో, మరే చేతిపనిలోనో పిల్లలను చేర్చే ఆలోచన తల్లిదండ్రులు ఇప్పటి నుండే చేయాలి. సంఘాలు తోడుగా నిలవాలి. మా సంఘంలో చదువుల సహాయనిధి నుండి ఈ ఏడు ఇద్దరు పిల్లలకు ఇందుకోసమే ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. మొదట ప్రతిపాదించింది ఆ పెద్దాయనే.

ఇంట చేయగలిగినది కూడా ఉంది. బొగ్గు నుండి వచ్చిన ఒక యూనిటు కరెంటు వెనుక సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. మనుషులు లేని గదిలో తిరిగే ఫ్యాను, పగలు వెలిగే వీధి దీపం, ఆరాధన ముగిసినా ఆర్పని మైకు సెట్టు, ఇవన్నీ కూడుకుంటే యూనిట్లే. కిలోల లెక్కన చెబితే పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. మా గుడి స్విచ్చుబోర్డు దగ్గర ఇప్పుడు ఇద్దరు పిల్లలు కాపలా ఉంటున్నారు!

ఈసారి మీ బల్లమీదకు చేప వచ్చినప్పుడు, ముద్ద ఎత్తక ముందు కృతజ్ఞత చెల్లించేటప్పుడు, వల వేసినవానిని తలంచండి. అన్నం ఉడికించిన కరెంటు వెనుక చీకటిలో నిలబడినవానిని తలంచండి. వీరిద్దరికంటె ముందు ఉప్పునీటిలో కనబడకుండా తేలుతూ, ఇటుక ఇటుకగా తన గుల్ల కట్టుకునే ఆ ఆవగింజంత జీవిని కూడా తలంచండి. పలుకులు రాలుతున్న చప్పుడు విందాము. వినగలిగినప్పుడే విందాము.